బ్యాటరీ డ్రిల్లుతో ట్రాలీ జాకీని త్రిప్పు విధము



నెక్కొండ ప్రాంతమున పత్తి, మొక్కజొన్న, మిరప, వరి పండించు మనకు ట్రాక్టరు ట్రాలీ ఎడ్లబండి స్థానము నాక్రమించినది. చేని నుండి ఇంటికిని, ఇంటి నుండి వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకును సరకు దానిమీదనే పోవుచున్నది. ఎడ్లను విప్పినపుడు బండి నొగ క్రింద ఊతకఱ్ఱ నిలుపుట మనమెఱిగినదే. అట్లే రెండు చక్రముల ట్రాలీని ట్రాక్టరు నుండి విప్పినపుడు దాని నొగను ఒక మరజాకీ మోయును. విప్పునపుడొకసారి, తగిలించునపుడొకసారి ఆ జాకీ పిడిని త్రిప్పవలెను. పత్తి ఏరు దినములలో ఈ పని రోజునకు పలుమారులు పడును. వృద్ధులకును, భుజముల నొప్పి గలవారికిని ఇది చిన్న శ్రమ గాదు.

వడ్రంగులును, కరెంటు పనివారును వాడు బ్యాటరీ డ్రిల్లుతో ఈ జాకీని త్రిప్పవచ్చునా యని కొందఱు అడుగుచున్నారు. త్రిప్పవచ్చును. అమెరికా దేశమున ఇంటివంటి ప్రయాణపు ట్రెయిలర్లను కారు వెనుక కట్టుకొని తిరుగువారు కొందఱు ఇట్లే చేయుచున్నారు. కాని ఒక్క మాట మొదటనే గ్రహింపవలెను. డ్రిల్లు మన చేతి శ్రమను తీసివేయును గాని, నొగమీది బరువును తీసివేయదు. ఈ భేదమును మఱచినవారికి మణికట్టు బెణుకుట మొదలు పాదము నలుగుట వఱకు ఏ కీడైనను కలుగవచ్చును.

1. జాకీ స్వభావము

మరజాకీలో నిలువు మరయు, దానికి తగిన నట్టును ఉండును. మర ఒకసారి తిరిగినచో నొగ కొంచెమే లేచును. దూరము నష్టపడి బలము లాభమగుట ఇందలి సూత్రము. మరచుట్ల మధ్య దూరము 5 మిల్లీమీటర్లనుకొందము. నొగను 30 సెంటీమీటర్లు ఎత్తుటకు 60 చుట్లు త్రిప్పవలెను. మరచుట్లు దగ్గఱగా నుండుటచేత పిడిని వదలినను బరువు తనంతట క్రిందికి జాఱదు. మరయందలి రాపిడియే దానిని పట్టి యుంచును. ఈ గుణము మనకు రక్ష. మర అరిగినను, నట్టు వదులైనను ఈ రక్ష తగ్గిపోవును. అట్టి జాకీకి డ్రిల్లు తగిలింపరాదు, మార్చివేయవలెను.

2. బ్యాటరీ చాలునా?

నొగమీది బరువు 200 కిలోలనుకొని లెక్క చూతము. దానిని 30 సెంటీమీటర్లు ఎత్తుటకు కావలసిన పని సుమారు 588 జౌళ్లు. మరలో రాపిడివలన చాల భాగము వ్యర్థమగును. నాలుగవ వంతే ఫలించుననుకొన్నను సుమారు 2,400 జౌళ్లు కావలెను. 18 వోల్టులు, 2 ఆంపియరు గంటల బ్యాటరీలో 36 వాటుగంటలు, అనగా 1,29,600 జౌళ్లు నిలువయుండును. డ్రిల్లు మోటారులోను, పళ్లచక్రములలోను సగము పోయినదనుకొన్నను, ఒక్క చార్జితో ఇరువదిసారులకు పైగా నొగను ఎత్తవచ్చునని తేలుచున్నది. కావున బ్యాటరీకి కొఱత లేదు. కొఱత వచ్చునది మన జాగ్రత్తలోనే.

3. చేతి పరీక్ష

డ్రిల్లు పెట్టుటకు ముందు ప్రతిసారి జాకీని పిడితో రెండు చుట్లు త్రిప్పి చూడవలెను. ఒక్క చేతితో సుళువుగా తిరిగినచో డ్రిల్లు పనికివచ్చును. రెండు చేతులతో ఒడలు వంచి త్రిప్పవలసినచో డ్రిల్లు పెట్టరాదు. దీనికి కారణము చెప్పెదను. 20 సెంటీమీటర్ల పిడిమీద 7 కిలోల బలము వేసినచో మరకు సుమారు 14 న్యూటను మీటర్ల మెలిబలము చేరును. జాకీని మెలిపెట్టునంత బలముతోనే డ్రిల్లు తన్ను పట్టుకొన్న మణికట్టును ఎదురువైపునకు మెలిపెట్టును. మర హఠాత్తుగా పట్టివేసినచో డ్రిల్లులోని పూర్తి బలము ఒక్క క్షణములో చేతిమీదికి వచ్చును. పిడి బరువెక్కినపుడు మన చేయి తానే ఆగును. యంత్రమునకు ఆ తెలివి లేదు.

ఇందుకొక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. బ్లాక్ అండ్ డెకర్ కంపెనీవారు తీగలేని డ్రిల్లును 1961లో మొదట తెచ్చిరి. పది సంవత్సరములకు, 1971లో, అపోలో 15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్లుతో చంద్రుని నేలను తొలిచిరి. గొట్టములు నేలలో బిగిసిపోగా, వాటిని వెలికి తీయుటకు ఇద్దఱును తమ భుజబలమునే నమ్ముకొనవలసి వచ్చినది. అంతటి యంత్రమునకే పట్టివేత తప్పలేదనిన, దుమ్ము నిండిన మన జాకీమాట చెప్పవలయునా?

4. సాకెట్టు అమర్చుట

ముందుగా జాకీ పిడిని ఊడదీయవలెను. పిడి ఉండగానే డ్రిల్లుతో త్రిప్పినచో అది గిరగిర తిరిగి చేతిని కొట్టును. కాడ కొన ఆరు పలకలుగా నున్నచో దానికి సరిపడు సాకెట్టు బజారున దొరకును. కాడ గుండ్రముగా నుండి అడ్డరంధ్రము కలదైనచో, ఆ రంధ్రమున పిన్ను దిగునట్టి గొట్టపు సాకెట్టును లేతు మిషను గలవారిచేత చేయించుకొనవలెను. వదులు సాకెట్టు కాడ అంచులను అరుగదీయును. పిడి కాడకు వెల్డింగు చేయబడినదైనచో కోసివేయక, చేతితోనే త్రిప్పుకొనుట మంచిది. ఊడదీసిన పిడిని ట్రాలీలోనే ఒకచోట కట్టి యుంచవలెను. డ్రిల్లు మొండికేసిన దినమున అదియే దిక్కు.

5. పని చేయు క్రమము

మొదట ట్రాలీ చక్రములకు ముందు వెనుకల రాళ్లో, చెక్కమొద్దులో అడ్డు పెట్టవలెను. ట్రాక్టరు బ్రేకు వేసి ఇంజను నాపవలెను. నేల మెత్తగా నున్నచో జాకీ పాదము క్రింద వెడల్పైన మందపు పలక వేయవలెను.

సరకున్న ట్రాలీని విప్పుటకు ముందు బరువెక్కడ నున్నదో చూడవలెను. ఇరుసునకు వెనుక బరువెక్కువైనచో, పిన్ను తీసినవెంటనే నొగ పైకెగిరి ఎదుటనున్నవాని గడ్డమునో, రొమ్మునో తన్నును. ముందు బరువెక్కువైనచో జాకీ వంగిపోవును. కావున వీలైనంతవఱకు సరకు దింపిన పిదపనే విప్పవలెను.

తరువాత డ్రిల్లును మెల్లని గేరులో, అనగా 1వ అంకెమీద నుంచవలెను. మెడ దగ్గఱనున్న క్లచ్చి వలయమును చిన్న అంకెతో ప్రారంభించి, చాలనిచో ఒక్కొక్క అంకె పెంచుకొనవలెను. క్లచ్చి టకటకమని జాఱినచో అది హెచ్చరిక. దానిని దాటి బలవంతము చేయరాదు. ప్రక్కపిడి యున్నచో తప్పక బిగించి రెండు చేతులతో పట్టవలెను. మీటను మెల్లగా నొక్కవలెను. నిమిషమునకు 120 చుట్ల వేగమైనచో పైన చెప్పిన 60 చుట్లు అర నిమిషములో ముగియును. అంతకు మించిన తొందఱ అక్కఱలేదు. పైకొనకు గాని, క్రిందికొనకు గాని చేరకమునుపే డ్రిల్లు నాపి, కడపటి చుట్లు చేతితోనే త్రిప్పవలెను. కొనలయందే మర పట్టివేయును.

తగిలించునపుడు ట్రాక్టరును వెనుకకు నడుపుచుండగా, ట్రాక్టరునకును నొగకును నడుమ ఎవ్వరును నిలువరాదు. పిన్ను దిగి, దాని క్లిప్పు పడిన పిదపనే జాకీని పైకెత్తవలెను. నొగ క్రింద చేయిగాని, పాదముగాని ఏ నిమిషమునను ఉంచరాదు. చీరకొంగు, తువ్వాలు, వదులు చొక్కాచేతులు తిరుగు కాడకు దూరముగా నుండవలెను.

6. పోషణ

మరకు దుమ్ము తుడిచి గ్రీజు పట్టించుచుండవలెను. పత్తి నూగు, మొక్కజొన్న పొట్టు గ్రీజులో చేరి గట్టిపడినచో గోకివేసి క్రొత్త గ్రీజు పెట్టవలెను. గ్రీజు పెట్టిన జాకీ చేతికే సుళువుగా తిరుగును. పెక్కుమందికి అదియే చాలును. డ్రిల్లు మోటారు చేతికి వేడిగా తగిలినచో చల్లారనిచ్చి వాడవలెను. వానలో తడుపరాదు. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును గనుక, బ్యాటరీని ఎండలోను, మూసిన ట్రాక్టరు పెట్టెలోను ఉంచరాదు. నీడన చల్లారిన పిదపనే చార్జి పెట్టవలెను. పత్తి నిలువయున్న గదిలో చార్జి పెట్టుట ఎన్నడును కూడదు. లిథియం బ్యాటరీ చెడి మండినచో సంవత్సరపు కష్టము గడియలో బూడిదయగును.

7. సంఘమునకు ఒక సూచన

ఈ చిన్నపనికై ప్రతి ఇంటివారును డ్రిల్లు కొననక్కఱలేదు. ఒక వాడలోని పదిమంది సభ్యులు కలిసి ఒక డ్రిల్లు, రెండు బ్యాటరీలు, తమ జాకీలకు సరిపడు సాకెట్లు, ఒక గ్రీజు గన్ను ఉంచుకొనవచ్చును. పుచ్చుకొన్నవారి పేరు, తిరిగి యిచ్చిన దినము పుస్తకములో వ్రాయవలెను. గ్రీజు గన్నునే ముందు కొనుడు. డ్రిల్లు పిదప చూచుకొనవచ్చును.

సభ్యులు కూడినపుడు చర్చింపవలసిన ప్రశ్నలు

మీ ట్రాలీ జాకీ ఒక్క చేతితో తిరుగుచున్నదా? తిరుగనిచో కారణము గ్రీజు లేమియా, మర అరుగుటయా, బరువెక్కువగుటయా? చక్రములకు అడ్డు పెట్టు మొద్దులు మీ ట్రాలీలో ఉన్నవా? వెనుక బరువున్న ట్రాలీ పిన్ను తీసినచో నొగ ఎటు పోవును? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలవారు డ్రిల్లును నిర్భయముగా చేత పట్టవచ్చును.