సముద్రం ఎత్తును ఆకాశం నుంచి కొలిచేదెలా?

పిల్లలూ! వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిని మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ ఒడ్డున నిలబడి సముద్రం ఎత్తు ఎంతో చెప్పగలరా? ఒక అల లేస్తుంది, ఒక అల పడుతుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఇంతగా కదిలే నీటిలో ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్ల పెరుగుదలను ఎలా పట్టుకుంటారు?

కొలిచే పద్ధతి

ఉపగ్రహం కిందికి రాడార్ తరంగాన్ని పంపుతుంది. అది నీటికి తగిలి తిరిగి వస్తుంది. తరంగం వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. రాకపోకలకు పట్టిన కాలాన్ని బట్టి నీరు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఉపగ్రహం ఎత్తు ముందే తెలుసు కనుక, అందులోంచి ఈ దూరాన్ని తీసివేస్తే నీటిమట్టం వస్తుంది. ఇలా ఏళ్ల తరబడి కొలిచి సగటు కట్టగా, 1993 నుంచి ప్రపంచ సముద్రమట్టం సుమారు 10 సెంటీమీటర్లు పెరిగిందని తేలింది.

ఒడ్డు దగ్గర చిక్కు

రాడార్ తరంగం నీటిపై కొన్ని కిలోమీటర్ల వెడల్పున పరచుకుంటుంది. ఒడ్డు సమీపిస్తే ఇసుక తిన్నెలు, కొబ్బరితోటల నుంచి వచ్చే తరంగాలు కూడా నీటి తరంగాలతో కలిసిపోతాయి. అందుకే తీరం దగ్గరి కొలతలను చాలాకాలం పక్కన పెట్టేవారు.

2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి భారత్, ఫ్రాన్స్‌లు కలిసి పంపిన 'సరళ్' ఉపగ్రహం అంతకు ముందువాటి కంటే పొట్టి తరంగాలను వాడింది. దానితో ఒడ్డుకు మరింత దగ్గరగా కొలవడం వీలైంది. 2022 డిసెంబరులో ఎగిరిన 'స్వాట్' ఉపగ్రహం ఒక గీత వెంట కాక, వెడల్పాటి పట్టీగా నీటిని కొలుస్తుంది.

నేలే కుంగితే?

కోనసీమ గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన పల్లపు నేల. ఒండ్రు తన బరువుకే మెల్లగా అణగుతుంది. వరదలు కొత్త ఒండ్రు పోస్తే ఆ లోటు తీరుతుంది. కాని నదిపై కట్టిన ఆనకట్టలు ఒండ్రును చాలావరకు ఆపేస్తున్నాయి. సముద్రం పెరిగినా, నేల కుంగినా ఫలితం ఒక్కటే: తుపాను ఉప్పెన మరింత లోపలికి వస్తుంది, బావులలోకి, చేలలోకి ఉప్పు చేరుతుంది.

ఉపగ్రహం నీటిమట్టాన్ని మాత్రమే చెబుతుంది. విశాఖపట్నం రేవులో వలె ఒడ్డున నిలిపిన నీటిమట్టపు కొలమాని, తాను నిలిచిన నేలతో పోల్చి నీటి ఎత్తు చెబుతుంది. కనుక రెండూ కావాలి.

ఈ లెక్క చేయండి: ఒక తీరంలో నీటిమట్టం ఏడాదికి 4 మిల్లీమీటర్లు పెరిగిందని ఉపగ్రహం, 6 మిల్లీమీటర్లు పెరిగిందని రేవులోని కొలమాని చూపాయి. అక్కడి నేల ఏడాదికి ఎంత కుంగుతున్నట్లు?