సంకలనం: 354 మంది కవుల జవాబు

పలుచోట్ల చెదిరి ఉన్న రచనలను వెతికి, ఎంచి, ఒక క్రమంలో కూర్చితే అది సంకలనం. గణితంలో ఇదే మాటకు కూడిక అని అర్థం. సంకలనాన్ని ఇంగ్లీషులో కంపైలేషన్ అంటారు; కంప్యూటర్ రంగంలో ప్రోగ్రామును యంత్ర భాషలోకి మార్చే పనికీ అదే పేరు. గ్రేస్ హాపర్ 1952లో రూపొందించిన ఏ-0 తొలి కంపైలర్‌గా పేరు పొందింది.

సాహిత్య సంకలనాల్లో, పోటీ పరీక్షలకు తెలుగు చదివే అభ్యర్థులు తప్పక తెలుసుకోవాల్సింది 'గోలకొండ కవుల సంచిక' (1934). నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ముడుంబ వెంకట రాఘవాచార్యులు రాస్తే, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులను ఒకే పుస్తకంలో నిలబెట్టారు. సంవత్సరం, సంఖ్య, సంపాదకుడు మూడూ ప్రశ్నలయ్యేవే. కానీ ఆ పని వెనకున్న ఆత్మగౌరవం తెలిస్తే బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

అంతకు చాలా ముందే, 15వ శతాబ్దిలో మడికి సింగన 'సకలనీతిసమ్మతము' కూర్చాడు. ముద్రామాత్యం వంటి, నేడు దొరకని గ్రంథాల పద్యాలు కొన్ని మనకు మిగిలాయంటే అది ఆయన చలవే. అంతకంటే ప్రాచీనమైన 'గాథాసప్తశతి' శాతవాహన రాజు హాలుడిది, భాష మహారాష్ట్రీ ప్రాకృతం. దీన్ని తెలుగు గ్రంథమని గుర్తించి మార్కు పోగొట్టుకోవద్దు.

మరో రెండు సంకలనాలు కూడా గుర్తుంచుకోండి. సి.పి.బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చువేయించారు. భావకవుల ఖండికలతో ముద్దుకృష్ణ కూర్చిన 'వైతాళికులు' 1935లో వెలువడింది.