గంధరాజ్ చెట్టూ, గోడ మీంచి వచ్చే చెయ్యీ

చెల్లీ, నీ ఉత్తరం చదవగానే ముందు నీ పక్షాన మాట్లాడాలనిపించింది. "నాలుగు నిమ్మకాయలకి ఇంత రాద్ధాంతమా" అని ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసేశారని రాశావు. నీళ్ళు పోసి పెంచినవాళ్ళకి తెలుస్తుందమ్మా ఆ బాధ. బెహాలాలో ఆ కాస్త జాగాలో గంధరాజ్ నిమ్మ అంటు నాటావు. ఆకులు తినే పురుగుల్ని చేత్తో ఏరావు. వానల్లో చెట్టు మొదట్లో నీళ్ళు నిలవకుండా మట్టి ఎగదోశావు. తీరా కాయ కోతకొచ్చే వేళకి, పొద్దున్నే లేచి చూస్తే తొడిమలే మిగిలాయి. కడుపు మండదూ! కోల్‌కతా బజార్లో గంధరాజ్‌ని కాయ లెక్కన అమ్ముతారు. పల్చటి మసూర్ పప్పులో ఒక చెక్క పిండితే వీధి గుమ్మం దాకా వాసన. అలాంటిది పోతే ఏడుపొస్తుంది, రావాలి కూడా.

అయితే నువ్వు పూలు కోసే పెద్దావిడనీ, జామకాయలకి గోడెక్కే పిల్లల్నీ, రాత్రికి రాత్రి అరటిగెల నరికి పట్టుకుపోయినవాణ్నీ ఒకే మాటతో 'దొంగలు' అనేశావు. అక్కడ మాత్రం నీతో ఒప్పుకోలేను.

పూలావిడ సంగతి చూద్దాం. మీ పాడాలో, అదే మీ పేటలో, తెల్లవారుజామున సంచీ, కొక్కెం కట్టిన కర్రా పట్టుకుని నడకకి బయల్దేరేవాళ్ళు నాకూ తెలుసు. కాళీమాతకి ఎర్రమందారం లేనిదే వాళ్ళకి పూజ కాదు. మా వీధిలో ఒకావిడ రోజూ మా గోడ మీంచి కొమ్మ వంచి కోసుకునేది. ఒకరోజు గేటు తీసి, "మాషీమా, లోపలికొచ్చి కోసుకోండి, మొగ్గలు మాత్రం వదిలెయ్యండి" అన్నాను. చేతిలో పూలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి చెప్పింది, రెండు వీధుల అవతల వాళ్ళకీ పెరడుండేదట, మందారాలూ పనసచెట్టూ ఉండేవట. కొడుకులు ఇల్లు ప్రొమోటర్‌కిచ్చి ఫ్లాట్లు తీసుకున్నారు. ఇప్పుడు ఆవిడకి మూడో అంతస్తులో ఒక బాల్కనీ ఉంది. డెబ్భై ఏళ్ళు సొంత చెట్టున పూలు కోసిన చెయ్యి, పొద్దున్నే ఎక్కడికి పోతుంది చెప్పు?

అప్పటినుంచీ బెంగాలీ వాళ్ళ కథలు నాకు వేరేగా కనిపిస్తున్నాయి. రవీంద్రుడి 'దుయ్ బిఘా జొమి' కవితలో ఉపేన్ భూమిని జమీందారు లేని అప్పు చూపించి లాక్కుంటాడు. ఏళ్ళ తర్వాత ఉపేన్ తిరిగొచ్చి తన మామిడిచెట్టు కింద కూర్చుంటాడు. రెండు పళ్ళు రాలితే చేతిలోకి తీసుకుంటాడు. దానికే దొంగ అనిపించుకుంటాడు. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమా 'పథేర్ పాంచాలీ'లో దుర్గ ముసలి మేనత్త కోసం జామకాయలు కోసుకొచ్చే తోట కూడా ఒకప్పుడు వాళ్ళదే, అప్పు కింద పోయింది. ఈ రెండు చోట్లా కాయ తీసుకున్నవాళ్ళకి ఆ చెట్టుతో పాత బంధుత్వం ఉంది. నీ గోడ దగ్గరికొచ్చే వాళ్ళందరూ అలాంటివాళ్ళేనని అనను. అడిగి తెలుసుకోమంటాను, అంతే. మందారం ఎలాగూ ఒక్కరోజు పువ్వు, సాయంత్రానికి ముడుచుకుపోతుంది. కొమ్మ విరిస్తే మాత్రం ఊరుకోకు, విరిగినచోటు చూపించి అప్పుడే చెప్పు.

పిల్లల మాటకొస్తే, భాద్రపద చవితి చంద్రుణ్ని చూస్తే నీలాపనిందలొస్తాయని మనకున్నట్టే బెంగాల్లోనూ ఉంది. ఆ రాత్రిని నష్టచంద్ర అంటారు. అప్పుడు పల్లెల్లో కుర్రాళ్ళు పక్కింటి తోటల్లో కాయలు ఎత్తుకెళ్ళి, పొద్దున తిట్లు తినడం పాత ఆచారం. మన ఊళ్ళల్లో భోగికి ముందు దుంగలు మాయమవడం గుర్తుందిగా! పిల్లలకి తిట్లు చాలు.

తిట్లు దాటి చెయ్యెత్తకండి. ఇది నీకొక్కదానికే కాదు, చదివే చెల్లెళ్ళందరికీ చేతులు పట్టుకుని చెబుతున్నాను. 2024 జూన్ చివర్లో ఇదే నగరంలో, బౌబజార్‌లో, ఫోను దొంగిలించాడన్న అనుమానంతో ఒక మనిషిని కొట్టి చంపేశారు. "దొంగ, దొంగ" అని నువ్వు అరిస్తే ఎవరు పరిగెత్తుకొస్తారో, వాళ్ళ చేతుల్లో ఏముంటుందో నీకు తెలీదు. మీ పక్కింటాయన సలహా ఇచ్చాడన్నావే, గోడమీద తీగ వేసి కరెంటు పెట్టమని, ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వకు. మన ఆంధ్రా, తెలంగాణ పొలాల్లో అడవిపందులకని పెట్టిన తీగలు తగిలి మనుషులు పోతూనే ఉన్నారు. ఆ తీగకి తగిలే చెయ్యి నీ పనమ్మాయి కొడుకుది కావచ్చు.

ఇక అరటిగెల నరికినవాడు వేరు. కత్తితో వచ్చాడు, గెల మొత్తం దించాడు, అమ్ముకోవడానికే. అక్కడ మెత్తబడకు. ముందు పాడా క్లబ్బులో చెప్పు, ఇంకెవరి పెరట్లో పోయాయో అక్కడే తెలుస్తుంది. తర్వాత నలుగురూ కలిసి ఠాణాకి వెళ్ళండి. చిన్న విషయమని సిగ్గుపడొద్దు. నేలకి అంటుకుని ఉన్నంతసేపూ చెట్టుమీది కాయ చోరీ సొత్తు కాదు, తెగిన క్షణాన అవుతుంది అని చట్టంలోనే ఉంది. ఆ మాట ఉన్న పాత భారత శిక్షాస్మృతి ముసాయిదా 1837లో మెకాలే బృందం ఈ కలకత్తాలోనే తయారుచేసింది, 1860లో చట్టమైంది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ వివరణ ఉంది. అయిదువేల రూపాయలలోపు సొత్తు, మొదటిసారి తప్పు, దొంగిలించింది తిరిగిచ్చేస్తే జైలు బదులు సమాజసేవ శిక్ష. నాకది నచ్చింది.

ఈలోగా చేతిలో పని చెబుతాను. గెలలో కాయల గట్లు పోయి గుండ్రబడగానే కోసి లోపల గోనెలో మగ్గబెట్టు, చెట్టున పండేదాకా ఆగొద్దు. బొప్పాయి మీద పసుపు చార కనబడితే చాలు, దించెయ్. జామపిందెలకి సంచులు కట్టు, పండుఈగా పట్టదు, రంగూ బయటికి కనబడదు. గోడవారన బచ్చలీ గోంగూరా వెయ్యి, ఎవరు గిల్లినా మళ్ళీ చిగురేస్తాయి. రథయాత్ర మేళాల్లో మొక్కలు అమ్ముతారు కదా, అక్కడ ఇంకో గంధరాజ్ అంటు చూసి కొని, పెద్ద కుండీలో మేడమీద పెట్టు. ఎండ బాగా తగలాలి, నీళ్ళు నిలవకూడదు. కిందచెట్టు కాయల్లో మొదటి నాలుగూ పూలావిడకీ, పక్కింటి బౌదీకీ (వదినకీ) నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. ఆ తర్వాత నువ్వు ఊళ్ళో లేనప్పుడు చెట్టు మీద వాళ్ళ కళ్ళే ఉంటాయి.