ఇంకుడు కందకమునకు తగిన గొట్టములు

సెప్టిక్ ట్యాంకులో బరువైన పదార్థము అడుగునకు దిగును. తెట్టు పైకి తేలును. నడుమనుండు నీరు వెలుపలికి పోవును. సెప్టిక్ ట్యాంకు అను పేరునకు తెలుగు మాట కల్పింపవచ్చును గాని, తాపీ మేస్త్రీల నోట ఆ పేరే నిలిచినది గనుక ఇందును దానినే వాడితిమి. ఇట్లు వెలువడు నీరు కొంత తేరినట్లు కనుపించినను శుద్ధమైనది కాదు. టైఫాయిడు, అతిసారము, కామెర్లు కలిగించు సూక్ష్మజీవులు అందు సజీవముగనే యుండును. 1955 డిసెంబరు, 1956 జనవరి మాసములలో ఢిల్లీ నగరమున మురుగు కాలువ నీరు వజీరాబాదు నీటి కేంద్రములోనికి చేరగా, సుమారు 29,000 మందికి కామెర్లు సోకెను. నగరమునకు జరిగినది పెరటి బావికిని జరుగవచ్చును.

కావున ఈ నీటిని వీధి కాలువలోనికి వదలక, కందకము త్రవ్వి భూమిలోనికి ఇంకింపవలెను. నీటిని శుద్ధి చేయునది నేల. గొట్టము దానిని కందకము పొడవునను సమముగా పంచిపెట్టునంతే. ఇది తెలియక పలువురు ఇంటినుండి ట్యాంకువరకు వేసిన గొట్టమునే కందకములోను వేయుదురు. అప్పుడు నీరంతయు చివర నొక్కచోట చేరి, అచ్చటి నేల కొలది కాలమునకే మూసుకొనిపోవును. ఇంటినుండి కందకము మొదటివరకు అతుకులు చుక్క కూడ కారరాదు. కందకములో గొట్టము కారుటయే దాని పని.

పూర్వము కందకములలో మెరుగు పూయని మట్టి గొట్టములను గాని, సిమెంటు తూములను గాని అతుకు పెట్టక, నడుమ కొద్ది సందు విడిచి పేర్చెడివారు. మన్ను జారిపడకుండ సందుపై తారు కాగితము కప్పెడివారు. ఈ పద్ధతి నేటికిని చెడ్డది కాదు. అయితే రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును. అందు పొట్టి గొట్టములు వరుస తప్పును. సిమెంటును మురుగునుండి పుట్టు వాయువు ఆమ్లముగా మారి తినివేయును. ఇనుప గొట్టము తుప్పుపట్టును. ఆస్బెస్టాస్ గొట్టమును కోయునప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము గనుక, చౌకగా దొరకినను దానిని కోరరాదు.

నేడు ఎక్కువమందికి తగినది పి.వి.సి. గొట్టము. 13592 సంఖ్యగల భారత ప్రమాణము ననుసరించినది, అందును మురుగునకు ఉద్దేశింపబడిన 'బి' రకము, 110 మిల్లీమీటర్లది కొనవలెను. 'ఎ' రకము వాన నీటికిని, గాలి గొట్టములకును మాత్రమే. దాని గోడ పలుచన. విద్యుత్తు తీగలకు వాడు గొట్టము మన్ను బరువునకే అణగిపోవును. ఎండలో నెలల తరబడి పడియున్న సరుకు పెళుసెక్కును గనుక, దుకాణము ముంగిట వెలిసిన గొట్టమును విడిచిపెట్టుడు.

రంధ్రములు సుమారు 12 మిల్లీమీటర్లవి రెండు వరుసలుగా వేయవలెను. గొట్టపు కొసను గడియారముగా భావించినచో 4, 8 అంకెలుండు చోట్ల అవి రావలెను. పైవైపున నుండినచో గొట్టము నిండువరకు నీరు వెలుపలికి రాదు. నట్టడుగున నుండినచో మొదటి రంధ్రములే నీటినంతయు దిగమ్రింగును. రంపముతో చీలికలు కోయుట మేస్త్రీకి సులభమే గాని, అవి జిగురుపట్టి త్వరగా మూసుకొనును.

కందకము లోతు 50 నుండి 100 సెంటీమీటర్లు. పొడవు 30 మీటర్లకు మించరాదు. రెండు కందకముల నడుమ 2 మీటర్లు విడువవలెను. అడుగున కడిగిన కంకర 15 నుండి 25 సెంటీమీటర్లు పోసి, గొట్టమును 10 మీటర్లకు 2, 3 సెంటీమీటర్ల వాలుతో అమర్చి, పైన మరల కంకర పోసి, వరిగడ్డి పరచి మన్ను కప్పవలెను. మంచినీటి బావికి 18 మీటర్లలోపున కందకము పనికిరాదు. డెల్టా గ్రామములవలె అడుగు నీరు పైననే యుండు చోట్లను, నీరింకని రేగడిలోను ఎంత మేలైన గొట్టమును నిష్ప్రయోజనమే. అచ్చట వేరు ఏర్పాటునకై ప్రజారోగ్య ఇంజనీరును సంప్రదింపవలెను.

పూడ్చుటకు ముందు పీపాయెడు నీటిని ఒక్కసారిగా వదలి, అది చివరివరకు పారుచున్నదో లేదో చూడవలెను. పూడ్చిన పిమ్మట దానిపై బండ్లు నడుపరాదు. చెట్లు నాటినచో వేళ్లు రంధ్రములలో దూరును గనుక పచ్చికను మాత్రమే పెరుగనీయవలెను.