పాయితము, శితము: ఉలి పదునును గూర్చిన శబ్దవిచారము

అమరకోశము ద్వితీయకాండమున శూద్రవర్గము వడ్రంగి ఉలిని వృక్షాదనమనియు, వృక్షభేది అనియు పేర్కొన్నది. రాతిని చీల్చు ఉలికి టంకమని వేరు పేరు కలదు. వృక్షాదనమనగా చెట్టును తినునది. ఆ తినెడి శక్తి ఇనుమునకు ఎట్లు కలుగునో తెలియుటకు కోశము చాలదు. వరాహమిహిరుని బృహత్సంహితను చూడవలెను.

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన ఆ గ్రంథమున ఖడ్గలక్షణాధ్యాయము ఒక విధానమును చెప్పుచున్నది. అరటి క్షారమును మజ్జిగతో కలిపి ఒక దినము నిలువయుంచి, అందు పాయితమై, పిదప చక్కగా శితమైన ఇనుము రాతిపై విరుగదు. ఇతర లోహములపై మొక్కవోదు. ఇందలి పాయిత, శిత శబ్దములు రెండింటిని 'పదును పెట్టబడినది' అని ఒక్కటిగా తెనిగించినచో గ్రంథకర్త ఆశయము చెడును.

కొలిమి పని దీనిని స్పష్టము చేయును. ఉలి చేయించుకొనువాడు అది ఏ కొయ్యకో కమ్మరికి ముందే చెప్పవలెను. మెత్తని కొయ్యకు అంచు పలుచగా నుండవచ్చును. శేషాచలపు ఎర్రచందనము వంటి గట్టి చేవకు వాలు మందముగా నుండవలెను. ఏర్పేడు మండలమందలి మాధవమాల దారుశిల్పులకు ఈ భేదము నిత్యానుభవము. కమ్మరి పాత లారీ కమానుపట్టీ వంటి ఉక్కును కాచి, దాగలిపై సాగగొట్టి, సుమారు 800 డిగ్రీల ఎరుపున నీట ముంచును. అప్పుడది గట్టిపడును గాని పెళుసై యుండును. మరల మెల్లగా వేడిచేయగా 230 డిగ్రీల ప్రాంతమున లేత గడ్డిరంగు, 300 వద్ద నీలిరంగు తోచును. గడ్డిరంగుననే ఆపిన ఉలి అంచు నిలుచును. నీలిరంగుకు పోనిచ్చినచో మెత్తబడి మొక్కవోవును. అసలు కాచకున్నచో విరుగును. వరాహమిహిరుడు చెప్పిన దోషములు ఈ రెండే. వీనిని సానరాయి తీర్పజాలదు. కావున పాయితమనగా ద్రవమును త్రాగింపబడినది, శితమనగా సానపట్టబడినది.

తెలుగు పలుకుబడియు ఇందుకు సాక్షి. పాకాల ప్రాంతపు మెట్టరైతు వేరుశనగ విత్తుటకు నేల పదును చూచును. కమ్మరి ఉలికి పదును పెట్టును. తడియు, లోహపు బిగువును ఒకే మాటలో నిలిచినవి. సాన యనునది శాణ శబ్దభవము. శిత శబ్దమునకు మూలమైన శో ధాతువునకును, తక్ష శబ్దమునకు మూలమైన తక్షూ ధాతువునకును ధాతుపాఠమున తనూకరణమే అర్థము. వడ్రంగి కొయ్యకు చేయు పనినే సానరాయి ఉలికి చేయుచున్నది.

యంత్రములపై తయారైన ఉలులు అంగడిలో దొరకుటచే పల్లె కొలుములు తరుగుచున్నవి. కొలిమి చల్లారినచో పాయిత శబ్దమునకు ప్రత్యక్షప్రమాణము లోపించును. అధ్యాపకులు శూద్రవర్గమును బోధించునపుడు విద్యార్థులను ఒక్కమారైనను కమ్మరి యొద్దకు గొనిపోవుట యుక్తము.