పార్వో నేర్పిన పాఠాలు

1. రెండు మూడు నెలల కుక్కపిల్ల. కళ్లు లోపలికి పోయి, చిగుళ్లు పాలిపోయి, జిగురుతో ఎర్రటి నీళ్ల విరేచనం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నా దగ్గరికి ఇలాంటివి తెచ్చి "దిష్టి తగిలింది సారూ" అనేవాళ్లు. చాలావరకు అది పార్వో వైరస్. అయితే వాసన పట్టి రోగం పేరు రాసేయకూడదు. కడుపులో పురుగులున్నా రక్తం పడుతుంది. దూదిపుల్లతో మలం నమూనా తీసి, ఐసులో పెట్టి పీసీఆర్ అనే జన్యుపరీక్షకు పంపితేనే సంగతి తేలుతుంది.

2. ఈ వైరస్ 1978లో బయటపడింది. పిల్లుల వైరస్‌కు దగ్గరి బంధువు. దాని పైపొరలోని వీపీ2 ప్రొటీన్‌లో 426వ స్థానం చూసి రకం చెప్తారు. అక్కడ ఆస్పరాజిన్ ఉంటే 2ఏ, ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే 2బీ, గ్లుటామిక్ ఆమ్లం ఉంటే 2సీ. ఇటలీలో 2000లో తొలిసారి దొరికిన 2సీ మన దేశంలోనూ కనిపించింది.

3. టీకా వేసిన కుక్కపిల్ల చచ్చిపోతే కొత్త రకం వచ్చిందని అందరూ అంటారు. నేను చూసినంతలో అసలు కారణం ఎక్కువగా వేరే. తల్లి జున్నుపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకా పట్టదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. ఒక్క సూదితో ఆపేసిన ఇళ్లలోనే కుక్కపిల్లలు పోతుంటాయి.

4. జబ్బుపడిన కుక్క తిరిగిన చోట ఫినాయిల్ చల్లి ఊరుకోవద్దు, బ్లీచింగ్ పౌడర్ వాడండి. మట్టిలో ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది.

5. పార్వో కన్నా నాకు ఎక్కువ దిగులు డిస్టెంపర్ అనే మరో కుక్కల వైరస్ గురించే. ముక్కు కారడం, దగ్గు, ఆపైన మూర్ఛలు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో సింహాల్లో మూడో వంతు దీనికే బలయ్యాయి. 2018లో మన గిర్ అడవిలో చచ్చిన సింహాల్లోనూ ఈ వైరస్ దొరికింది. ఇక్కడ మా ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వ్ అయింది. తడోబా పులుల అడవి వైపు నుంచి పులులు వస్తుంటాయి, చిరుతలు కుక్కల్ని పట్టుకుపోతుంటాయి. అలా కుక్కల వైరస్ వాటికీ అంటవచ్చు. కానీ దవాఖానకు వచ్చేవి పట్నపు పెంపుడు కుక్కలే, గోండు, కోలాం గూడేల కుక్కలు కావు. వాటి నమూనాలు లేకుండా ఏ వైరస్ ఎటు నుంచి ఎటు పాకుతోందో జన్యుపరీక్ష ఎలా చెప్పగలదు? కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు గూడేలకు వెళ్లి నమూనాలు తేవాలి, వెళ్లినప్పుడే టీకాలూ వేసి రావాలి. జన్నారం, ఉట్నూరు చుట్టుపక్కల ఊళ్ల సర్పంచులు వాళ్లను పిలవాలని నా మనవి.