ఉప్పుగాలిలో తాళాలు: మత్రా ఇళ్ళ తలుపులు, కిటికీల మరమ్మతు

వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళి ఆగస్టు చివర మత్రాకు తిరిగి వచ్చిన కుటుంబానికి ఎదురయ్యే మొదటి చిక్కు తరచుగా తాళమే. వీధి తలుపు ఎలాగో తెరుచుకుంటుంది. పెట్టెలు దించి, ఆవకాయ జాడీలను వంటింట చేర్చి, రెండు నెలలుగా మూసి ఉన్న గదులకు గాలి తగలనిద్దామని సముద్రం వైపు బాల్కనీ తలుపు దగ్గరకు వెళితే పిడి తిరగదు. బలం చూపిన కొద్దీ బిగుసుకుంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు కొబ్బరినూనె తెచ్చి తాళపు రంధ్రంలో నాలుగు చుక్కలు వేస్తారు. ఆ పూటకు తలుపు కదులుతుంది. నెల తిరిగేసరికి మునుపటికన్నా గట్టిగా పట్టివేస్తుంది. అప్పుడు పిలిపించిన పనివాడు తలుపు మొత్తం మార్చాలంటాడు.

చాలా సందర్భాలలో అంత అవసరం ఉండదు. చెడినది తాళమో, పిడో, మడతబందో, ఏదో ఒక్కటే అయి ఉంటుంది. అది దేనివల్ల చెడినదో తెలుసుకుంటే మరమ్మతు సులభం. ఇది కేవలం ఖర్చుకు సంబంధించిన విషయం కూడా కాదు. పై అంతస్తులో గడియ పడని కిటికీ పసిపిల్లలున్న ఇంట ప్రాణాపాయం. మంటలు చెలరేగినప్పుడు తెరుచుకోని తలుపు అంతకన్నా పెద్ద అపాయం.

వాన లేని చోట తుప్పు

మత్రా రేవును వెనుకనుండి నల్లని బోడికొండలు చుట్టివేసి ఉంటాయి. ముందు ఒమాన్ సముద్రం. 2014లో సరుకు ఓడల రాకపోకలు సోహార్ రేవుకు తరలిపోయినవి గాని, సముద్రపు గాలి ఎక్కడికీ తరలలేదు. కార్నిష్ రోడ్డుకు ఎదురుగా ఉన్న మేడల కిటికీలపై అది అనుదినం సన్నని ఉప్పు పొరను పరుస్తూనే ఉంటుంది.

విశాఖపట్నం నుండి వచ్చినవారికి ఇక్కడ ఒక భ్రమ కలగటం సహజం. అక్కడ ఏటా సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఇక్కడ 100 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. తడి లేని దేశంలో తుప్పు తక్కువగా ఉండాలి కదా అనుకుంటారు. జరిగేది వేరు. విశాఖలో వాన తలుపుల బయటి భాగాలను అప్పుడప్పుడు కడిగి ఉప్పును తీసుకుపోతుంది. మత్రాలో కడిగేవారు లేరు. పడిన ఉప్పు పడినట్లే పేరుకుంటుంది.

పేరుకున్న ఉప్పు పొడిగా ఉంటే లోహానికి పెద్ద హాని లేదు. కాని అది పొడిగా ఉండదు. వానాకాలంలో మన వంటిళ్ళలో గల్లుప్పు జాడీ చెమర్చటం అందరూ చూసినదే. శుద్ధమైన సోడియం క్లోరైడు, గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటినప్పుడే తేమను పీల్చి ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో దానితోబాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. ఇది సుమారు 33 శాతం ఆర్ద్రతకే కరిగి నీరవుతుంది. నౌపడా, చినగంజాం ఉప్పుమళ్ళలో ఉప్పు గడ్డకట్టిన తరువాత మిగిలిన చేదు నీటిని పారబోయటంలోని కారణం ఇదే. మెగ్నీషియం అందులోనే అధికంగా ఉంటుంది. తాళంలోకి చేరిన ఉప్పు నుండి దానిని ఎవరూ వేరు చేయరు. కనుక మత్రా గాలి మనకు పొడిగా తోచిన రోజున కూడా తాళం లోపల కంటికి కనిపించని ఉప్పునీటి పొర ఉండవచ్చు.

దీనికి ఏర్‌కండిషనర్ తోడవుతుంది. వేసవి రాత్రి బయట 34 డిగ్రీల వేడి, 70 శాతం ఆర్ద్రత ఉన్నదనుకుందాం. ఆ గాలి సుమారు 28 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి మంచుబిందువులుగా మారుతుంది. గదిలో 23 డిగ్రీలు. జంట గాజు పలకల మధ్య ఉన్న గాలి పొర వేడి ప్రసారాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. కాని లోపలి పిడి నుండి బయటి పిడి వరకు సాగే చదరపు ఇనుప కడ్డీకి, తాళపు ఇత్తడి గొట్టానికి అటువంటి అడ్డు లేదు. చలి వాటి గుండా బయటికి పాకుతుంది. బయటి గాలిలోని తేమ వాటిపై చేరుతుంది. ఇంటిని చల్లగా ఉంచుకున్న కొద్దీ తాళానికి తడి ఎక్కువ.

తెల్ల పొడి, పచ్చ చిలుము

ఇటువంటి తలుపులలో పిడులు, తాళపు పెట్టె లోని కొన్ని భాగాలు సాధారణంగా జింకు మిశ్రమలోహంతో పోతపోసినవై ఉంటాయి. జమాక్ అనే ఈ మిశ్రమలోహంలో సుమారు 4 శాతం అల్యూమినియం ఉంటుంది. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి అనే వాటి జర్మన్ పేర్ల మొదటి అక్షరాలు కలిసి ఆ పేరు వచ్చినది. పైన మెరిసే క్రోమియం పూత ఉంటుంది. పూతలో సూదిమొనంత రంధ్రం పడినా ఉప్పునీరు దిగి జింకును తింటుంది. పిడి మొదట్లో కనిపించే తెల్లని పొడి అదే. తాళపుచెవి దూర్చే గొట్టం ఇత్తడి. చట్రం అల్యూమినియం, లేదా యు.పి.వి.సి. అనే గట్టి ప్లాస్టిక్. స్క్రూలు స్టీలు.

ఇన్ని లోహాలు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకుతూ ఉంటే అది బడిలో చదువుకున్న విద్యుత్ ఘటమే. త్వరగా ఎలక్ట్రాన్లను వదిలే లోహం, అనగా జింకు లేదా అల్యూమినియం, క్షీణిస్తుంది. ఇక్కడ విస్తీర్ణం ముఖ్యం. వెడల్పైన అల్యూమినియం చట్రంలో చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ ఉంటే నష్టం పెద్ద భాగమంతటా పరుచుకొని మందగిస్తుంది. వెడల్పైన స్టీలు పట్టీని చిన్న అల్యూమినియం రివెట్లతో బిగిస్తే ఆ రివెట్లు త్వరలోనే పిండి అయిపోతాయి. పోయిన స్క్రూకు బదులు చేతికి దొరికిన ఇత్తడి స్క్రూను అల్యూమినియంలో బిగించటం కూడా ఇటువంటి పొరపాటే. సముద్రం వైపు కిటికీలకు 316 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి తెచ్చుకోవటం మేలు. అందులోని 2 శాతానికి పైబడిన మాలిబ్డినం ఉప్పు దాడిని తట్టుకుంటుంది. మామూలుగా దొరికే 304 రకంలో అది ఉండదు.

ఇక కొబ్బరినూనె సంగతి. పూజ గదిలో ఇత్తడి కుందుల అడుగున నూనె నిలిచిన చోట పచ్చని చిలుము పడుతుంది. నూనె పాతబడి కొవ్వు ఆమ్లాలుగా విడిపోతుంది; అవి రాగితో కలిసి ఆ పచ్చని జిగురును ఇస్తాయి. తాళంలోనూ జరిగేది అదే. పైగా ఆ జిగురుకు మత్రా కొండల దుమ్ము అంటుకుంటుంది, అడుగున ఉన్న ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కుందులను తోమినట్లు తాళాన్ని చింతపండుతో తోమాలనే ఆలోచనా మంచిది కాదు. సందులలో మిగిలిన పులుపు జింకును కరిగిస్తుంది. పెన్సిల్ ములుకు పొడి వేయటం మన ఊళ్ళలో మంచి చిట్కాయే. కాని గ్రాఫైటు విద్యుద్వాహకం. ఉప్పుతేమలో జింకుకు అది మరో శత్రువు.

లోపం ఎక్కడ?

మరమ్మతుకు ముందు ఒక పరీక్ష చేయాలి. తలుపు తెరిచి ఉంచి, పిడిని, తాళపుచెవిని తిప్పి చూడాలి. అప్పుడు సాఫీగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే బిగుసుకుంటే తాళంలో ఏ దోషమూ లేదు. తలుపు కిందికి వాలినందువల్ల తాళపు నాలుక చట్రంలోని రంధ్రానికి ఎదురుగా రావటం లేదు. ఈ పరీక్ష చేయకుండా తాళాలు కొన్నవారు కొత్త తాళమూ బిగుసుకున్నదని వాపోతుంటారు.

తలుపు వాలటానికి కారణం బరువు. ఒక చదరపు మీటరు గాజు, ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 6 మిల్లీమీటర్ల పలకలు రెండు ఉంటే చదరపు మీటరుకు 30 కిలోలు. ఒక బాల్కనీ తలుపులో 45 కిలోల గాజు ఉండటం వింత కాదు. అంత బరువూ మడతబందుల మీదనే పడుతుంది. చాలా తలుపుల మడతబందులలో ఎలెన్ కీ అనే ఆరు పలకల కడ్డీతో తిప్పే మరలు ఉంటాయి. ఒకటి తలుపును పైకి లేపుతుంది, మరొకటి పక్కకు జరుపుతుంది. ఒక్కసారి పావు చుట్టుకు మించి తిప్పకుండా, ప్రతిసారి తలుపు మూసి చూస్తూ సరిచేయాలి. మరొకరు తలుపును పట్టుకొని ఉండటం తప్పనిసరి.

మధ్యాహ్నం బిగుసుకొని తెల్లవారుజామున సాఫీగా ఉండే తలుపును గురించి కంగారు పడనక్కరలేదు. రెండు మీటర్ల యు.పి.వి.సి. చట్రం 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం ఒకటిన్నర మిల్లీమీటరుకు లోపు. సర్దుబాటు ఉదయం చేస్తే మధ్యాహ్నం, మధ్యాహ్నం చేస్తే రాత్రి మరొకసారి చూసుకోవాలి.

తలుపు తెరిచి ఉన్నప్పుడు కూడా బిగుసుకుంటే లోపం తాళంలోనిదే. మొదట అసలు తాళపుచెవితో ప్రయత్నించాలి. అరిగిన చెవికి చేయించిన నకలుతోనే చాలామంది అవస్థ పడుతుంటారు. ఆ తరువాతి పని నూనె కాదు, నీరు. తలుపు అంచున ఉన్న రేకు మరలు తీసి తాళపు పెట్టెను బయటికి లాగగలిగితే మంచినీటితో రెండు మూడు సార్లు జాడించి, మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో చివరిసారి కడగాలి. దీపానికి, స్టవ్వుకు దూరంగా, గాలి ఆడే చోట ఈ పని చేయాలి. ఆల్కహాలు నీటిని తనతో తీసుకొని ఆవిరవుతుంది. ఫ్యాను కింద పూర్తిగా ఆరిన తరువాతనే టెఫ్లాన్ కలిసిన పొడి స్ప్రేను కొట్టాలి. డబ్ల్యూ.డి.-40 అందరికీ తెలిసినదే. 1953లో నీటిని తరిమే ద్రవం కోసం చేసిన నలభయ్యవ ప్రయత్నం ఫలించి ఆ పేరు వచ్చినది. పట్టిన మరను వదిలించటానికి అది మంచిదే గాని, దీర్ఘకాలపు కందెనగా దానిని నమ్ముకోరాదు.

ఇత్తడి గొట్టమే అరిగిపోతే దానిని మాత్రమే మార్చవచ్చు. తలుపు అంచున, దానికి సూటిగా ఉన్న పొడవాటి స్క్రూను తీసి, తాళపుచెవిని కొద్దిగా తిప్పి పట్టుకొని లాగితే వస్తుంది. స్క్రూ రంధ్రపు మధ్య నుండి ఇరువైపులా పొడవులు వేరువేరుగా కొలవాలి. రెండూ సమానంగా ఉండాలని లేదు. కొత్తది బయటి రేకు కన్నా 3 మిల్లీమీటర్లకు మించి పొడుచుకురాకూడదు. వస్తే దొంగకు పట్టు దొరుకుతుంది.

వాలిపోయే పిడిలో సాధారణంగా లోపలి స్ప్రింగు విరిగి ఉంటుంది. చదరపు కడ్డీ మందం కిటికీలకు 7, తలుపులకు 8 మిల్లీమీటర్లు ఉండటం పరిపాటి. అయినా కడ్డీని, స్క్రూ రంధ్రాల మధ్య దూరాన్ని కొలుచుకొని, పాత పిడిని చేతబట్టుకొనే దుకాణానికి వెళ్ళటం ఉత్తమం. కిటికీ రెక్కను తెరిచిన చోట నిలబెట్టే జారుడు స్టీలు పట్టీలు వదులైతే జతగానే మార్చాలి. కాని పై అంతస్తులో బయటికి తెరుచుకునే రెక్కను ఇంటివారు విప్పరాదు. అది పనివాడి పని.

లోపల ఎవరైనా చిక్కుకొని తలుపు రాకుంటే తాళపుచెవిపై బలం ప్రయోగించరాదు. ఇత్తడి చెవి లోపలే విరుగుతుంది. తలుపును మడతబందుల వైపు నెట్టి, పిడిని పైకెత్తి పట్టుకొని మెల్లగా తిప్పాలి. చిక్కుకున్నది పసిబిడ్డ అయితే ఆలస్యం చేయక 9999కు ఫోను చేయాలి.

రెండు గాజుల నడుమ మంచు పట్టటం మాత్రం వేరే జబ్బు. పలకల మధ్య అంచు పట్టీలో నీటిని పీల్చే జియోలైటు గుళికలు ఉంటాయి. వాటి రంధ్రాలు 3 ఆంగ్‌స్ట్రాములు. నీటి అణువు దూరుతుంది, నైట్రోజన్ దూరదు. అంచు బంధనం చీలితే బయటి తేమ వచ్చి గుళికలు నిండిపోతాయి, గాజు మసకబారుతుంది. తుడిచి ప్రయోజనం లేదు. అప్పుడు కూడా మార్చవలసినది ఆ గాజుల జతనే, చట్రాన్ని కాదు.

సెలవులకు బయలుదేరే ముందు వారంలో ఒక సాయంత్రం ఇందుకు కేటాయించటం మంచిది. పిడులను, మడతబందులను, తలుపు అంచు రేకులను మంచినీటితో తడిపిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, పైన చెప్పిన స్ప్రేను పలుచగా పట్టించాలి. రబ్బరు పట్టీలకు సిలికోన్ మాత్రమే వాడాలి. ఖనిజ తైలాలకు అవి ఉబ్బుతాయి. చట్రం అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు దుమ్ముతో పూడి ఉంటే కొబ్బరి ఈనెతో తెరవాలి. అద్దె ఇల్లయితే విప్పవలసిన పనుల గురించి యజమానికి ముందుగా తెలియజేయాలి. అసలు తాళపుచెవిని మాత్రం సెలవులకు వెంట తీసుకుపోక, నమ్మకమైన ఇరుగుపొరుగువారికి ఇచ్చి, నెలకొకసారి ఆ తాళాన్ని తిప్పి చూడమని చెప్పి రావాలి.